ఆమె చెప్పింది, నేను చెప్పనిది

నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి, పడిపోయిన కాళ్లూ చేతులూ కదిలించి, వీలైతే నిలబెట్టి, ఇంకా వీలైతే నాలుగడుగులు నడిపించడం నా పని. మా ఇల్లు మద్రాసు ఉత్తరాన, తిరువొత్తియూరులో. ఏజెన్సీ వాళ్లు అడ్రసు ఫోన్‌కి పంపుతారు, నేను రైలెక్కి పోతాను. నాలుగేళ్ల కిందట అలా వచ్చిన అడ్రసు చూలైలోది.

"పెద్ద ఆర్టిస్టంట. ఎనభై దాటినాయి. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. రోజూ తొమ్మిది నుంచి పదకొండు దాకా" అన్నారు.

నాకు బొమ్మల సంగతి తెలియదు. రైల్లో కూర్చుని ఫోన్‌లో వెతికితే గోనెసంచులు కనబడ్డాయి. సంచులను చూసి వేసిన బొమ్మలు కావవి. సంచినే విప్పి, కుట్లు కనబడేలా పరిచి, దాని మీద కొట్లలో మూటలకు గుర్తులేసే నల్ల సిరాతో గీసినవి. మూటలు మోసేవాళ్ల వీపులు, కొక్కేలు, తూకం రాళ్లు. మద్రాసులో మిగతా చిత్రకారులు దేవుళ్లనూ, నాట్యం చేసే అమ్మాయిలనూ వేస్తున్న రోజుల్లో, ఒక పప్పుల వ్యాపారి కూతురు ఈ గోనెలను తెచ్చి గోడకు వేలాడదీసిందట. చూసినవాళ్లు నవ్వారట. ఆ తర్వాత పాత గుడ్డ మీదా, తుప్పు రేకు మీదా బొమ్మలు వేసిన కుర్ర చిత్రకారులందరూ ఆమెను తలుచుకోకుండా మాట్లాడలేకపోయారని రాశారు.

ఇంకో కథ కూడా ప్రతి వ్యాసంలోనూ ఉంది. పంతొమ్మిదేళ్ల వయసులో ఆమె బొమ్మల కాలేజీలో చేరతానంటే, తండ్రి పెళ్లి కుదిర్చి, మేడ మీద గదిలో పెట్టి మూడు నెలలు బయట గడియ వేశాడట. ఒకరోజు తెల్లవారుజామున ఆమె వెనక గోడ దూకి వెళ్లిపోయిందట. తర్వాత ఎక్కడెక్కడో ఉండి, చివరికి సముద్రం పక్కన ఒక అద్దె ఇంట్లో ఒంటరిగా బతికింది. పెళ్లి చేసుకోలేదు.

చూలైలో ఆ ఇల్లు సందు మధ్యలో ఉంది. కింద హోల్‌సేల్ కొట్టు, దాని వెనక వంటిల్లు, పైన కాపురం. లోపలికి అడుగు పెట్టగానే మిరపకాయల ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. మెట్లు ఎంత ఇరుకంటే, నేను బ్యాగు ముందుకు తిప్పుకుని ఎక్కాల్సి వచ్చింది. మేడ మీద చివరి గదిలో ఆమె మంచం. కిటికీకి నిలువు ఊచలు. ఆమె మేనల్లుడు, అంటే అన్న కొడుకు, నాతో పాటు పైకి వచ్చాడు. అరవైకి దగ్గరపడిన మనిషి, నుదుట విభూతి, చేతిలో కొట్టు తాళాలు.

"మా అత్తకి వేరే ఎవరూ లేరు. ఆస్పత్రి నుంచి నేరుగా ఈడికే తెచ్చేసినాం. ఆమె గదే ఇది, చిన్నప్పుడు" అన్నాడు తమిళంలో.

నేను ఊచల వైపు చూశాను. ఆ గదేనా అని అడగబోయి ఊరుకున్నాను. ఆయన ముఖంలో కపటమేమీ లేదు. ఇంట్లో గాలి వచ్చే గది అదొక్కటే, దాన్నే ఇచ్చాడు.

ఆమె చాలా సన్నగా, తెల్లటి పొట్టి జుట్టుతో, ఎడం చేయి మాత్రం కుదురులేకుండా దుప్పటి మీద కదుపుతూ ఉంది. నన్ను చూసి ఏదో అంది. మేనల్లుడు తల అడ్డంగా ఊపాడు.

"ఇట్లానే, సిస్టర్. ఏదో కూస్తా ఉంటుంది. తమిళం పూరా పోయింది. ఇంగ్లీషు దొరసానిలా మాట్లాడేది, అదీ పోయింది."

సిస్టర్ కాదు, ఫిజియో అని చెప్పాను. ఆ తర్వాత కూడా ఆయన సిస్టర్ అనే పిలిచాడు.

ఆమె మళ్లీ అంది. నోరు ఒక పక్కకు లాగేయడం వల్ల మాట నలిగిపోతోంది. కానీ అలాంటి నలిగిన మాటలు వినడం నాకు రోజూ ఉన్నదే. పైగా ఆ మాట నాకు తెలుసు. మా అవ్వ మాట అది. మా ఇంట్లో అమ్మ తమిళంలోనే మాట్లాడేది, అవ్వ ఒక్కతే నాతో తెలుగు మాట్లాడేది. అవ్వ పోయాక ఆ తెలుగు నా చెవుల్లో మాత్రం మిగిలింది. చదవడం, రాయడం నాకు ఎవరూ నేర్పలేదు.

"గడె తియ్యి" అంటోంది ఆమె. "గడె తియ్యి పాపా."

"తలుపు గడియ తీయమంటున్నారు సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. "తలుపు తెరిచే ఉంది గదా."

అప్పుడు తెరిచే ఉంది. మిగతా సమయాల్లో గాలికి కొట్టుకుంటుందని బయట గడియ వేస్తారని తర్వాత తెలిసింది. నేను చెప్పాను, వేయొద్దని. సరేనన్నారు. నేనున్నంతసేపు వేయలేదు.

మెదడులో ఎడమ పక్క దెబ్బ తగిలితే మాట పోతుంది. కొందరికి తర్వాత నేర్చుకున్న భాషలు పోయి, మొట్టమొదట నోటికి వచ్చిన భాష ముక్కలుగా మిగులుతుంది. ఆమెకు మిగిలింది చూలై కొట్టు తెలుగు. మేనల్లుడికి అది రావాలి నిజానికి. కానీ వాళ్ల నాన్న పోయాక ఆ ఇంట్లో తెలుగు దాదాపు పోయింది. ఆయనకు వచ్చిన నాలుగు తెలుగు మాటలకూ ఓపిక చాలదు. ఆయన భార్య, నేను అక్కా అని పిలిచేదాన్ని, తమిళమే మాట్లాడేది. అలా నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఆమె నోరు నేనే అయ్యాను. మంచినీళ్లు కావాలన్నా, దిండు మార్చమన్నా, నేను వచ్చేదాకా ఆమె ఆగాలి. పదకొండు గంటలకు నేను బ్యాగు తీసుకుంటుంటే ఆమె కళ్లు నా చేతుల వెంటే వచ్చేవి.

ఒకసారి ఆమెను కిందికి దించుదామనుకున్నాను. కొట్టు ముందు కుర్చీలో కూర్చోబెడితే మూటలు, బండ్లు చూస్తుందని. మెట్ల దగ్గర నిలబడి కొలిచాను. కుర్చీ తిరగదు. ఇద్దరు మోయడానికి చోటు లేదు. ఒక మనిషి చేతుల్లో ఎత్తుకుని దిగాలంటే తల గోడకు కొట్టుకుంటుంది. మేనల్లుడు కూడా చూసి, "ఎక్కించేటప్పుడు ఎట్లా ఎక్కించినామో ఆ దేవుడికే తెలుసు" అన్నాడు. ఆ మాట ఆమె విన్నది. అర్థమైందో లేదో నాకు తెలియదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

దీపావళి అయిన తర్వాత ఒక గ్యాలరీ ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు, ఆమె పాదాలకు దండం పెట్టి, మంచం పక్కన నేల మీదే కూర్చున్నాడు. పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. అక్క అటక మీది ట్రంకు పెట్టె దించి తెచ్చింది. అది ఆమె అత్తగారిది, అంటే మేనల్లుడి తల్లిది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. చీరల అడుగున పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితాల కట్ట ఉంది. వాటి మీద నల్ల సిరాతో బొమ్మలు. పలకలు పలకలుగా గీతలు, వాటి సందుల్లో నుంచి పడే వెలుగు, మళ్లీ గీతలు. ఒక్కటే బొమ్మను ఎవరో ఏళ్ల తరబడి వేసినట్టు ఉన్నాయి.

గ్యాలరీ ఆయన వాటిని ఒక్కొక్కటిగా కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు. తర్వాత, "ఇవి ఈ గదిలో వేసినవి. ఇవి ఊచలు. అమ్మ ఈ జైల్లో ఉన్నప్పుడు వేసిన బొమ్మలు" అన్నాడు తమిళంలో. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కానీ వాటి మీద సంతకం లేదు. సంతకం లేని వాటిని రేపు ఎవరైనా అనుమానిస్తారని, ఎడం చేత్తోనైనా సరే ఆమె వాటి మీద సంతకం చేస్తుండగా వీడియో తీస్తే చాలని ఆయన చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం మేనల్లుడు నాకు ఫోన్ చేశాడు. "సిస్టర్, ఆమె చెయ్యి నువ్వే అలవాటు చెయ్యాల. రెండే అక్షరాలు, ఇంగ్లీషులో. అట్లానే చేసేది ఎప్పుడూ. అది అయితే బొమ్మలు అమ్ముడుపోతాయి, ఆమెను ఈడే పెట్టుకుని చూసుకుంటాం. కాకపోతే కొట్టు నష్టాల సంగతి నీకు తెలుసు గదా, ఎన్నూరు పక్కన ఒక ముసలివాళ్ల హోమ్ చూసి పెట్టినాను."

ఆయన బెదిరించలేదు. గొంతులో అలసట ఉంది. నేను సరేనన్నాను.

మర్నాడు ఆ కాగితాల్లో ఒకటి తీసి ఆమె ఒడిలో పెట్టాను. చూడగానే ముఖం వెలిగింది. ఎడం చేతి వేలితో గీత వెంట నెమ్మదిగా జరుపుకుంటూ పోయింది. తర్వాత తల ఎత్తి స్పష్టంగా అంది.

"అయ్యి నాయి గాదు పాపా. వదినయి."

నేను సరిగా వినలేదేమోనని మళ్లీ అడిగాను. "ఎవరివి అవ్వా?"

"వదినయి."

వదిన అంటే మేనల్లుడి తల్లి. ట్రంకు పెట్టె ఎవరిదో ఆవిడే.

తర్వాతి రోజుల్లో ముక్కలు ముక్కలుగా మిగతాది వచ్చింది. ఒక్కో ముక్కకు ఒక్కో పూట పట్టేది. గడియ వేసిన మూడు నెలలూ ఆ వదినే పైకి అన్నం తెచ్చేది. కంచం కింద కాగితాలు పెట్టి తెచ్చేది, ఈమె బొమ్మలు వేశాక కంచం కిందే పెట్టి తీసుకుపోయేది. "సూసి, నాకూ నేర్పీ అనింది." లోపల ఒకరు, తలుపు దగ్గర ఒకరు కూర్చుని, చేతిలో అన్నం చల్లారిపోతుంటే, గీత ఎలా ఆపకుండా లాగాలో ఈమె నేర్పింది. "నాకంటే బాగా యేసింది" అంది. అది అనేటప్పుడు నవ్వలేదు.

"గోడ దూకారు కదా అవ్వా?" అని ఒకరోజు అడిగాను.

"గోడ లేదు." ఎడం చేయి గాలిలో అడ్డంగా ఊపింది. "వదిన గడె తీసింది. నేను పోయినా. ఆమె ఈడ్నే. దెబ్బలు తినింది."

అన్ని వ్యాసాల్లో, అన్ని ఇంటర్వ్యూల్లో గోడ దూకిన అమ్మాయి ఉంది, గడియ తీసిన వదిన లేదు. ఎందుకు చెప్పలేదో నేను అడగలేకపోయాను. మొదట్లో వదినకు ఇంకా దెబ్బలు పడతాయని దాచిందేమో. తర్వాత, ఆ కథ అందరికీ నచ్చేసిందేమో.

ఆ వారమే మేనల్లుడు మెట్ల మీద నన్ను ఆపి అడిగాడు. "ఏమంటా ఉంది మా అత్త, ఆ బొమ్మలు చూసి?"

నేను చెప్పి ఉండాల్సింది. అవి మీ అమ్మగారివంట సార్ అని ఒక్క ముక్క. ఎన్నూరు రోడ్డు, లారీలు, కరెంటు ఫ్యాక్టరీ బూడిద, ఆ పక్కన తెలుగు వినే చెవి ఒక్కటి కూడా లేని హోమ్ నా కళ్లముందు తిరిగాయి.

"సంతోషంగా ఉన్నారు సార్. పాత రోజులు గుర్తొస్తున్నాయంట" అన్నాను.

"అట్లనా" అని ఆయన సంతోషంగా కిందికి దిగిపోయాడు.

రోజూ పొద్దున ఆమె ఎడం చేతికి స్కెచ్ పెన్ ఇచ్చి, తనవి కాని బొమ్మల మీద తన సంతకం చేయడానికి నేనే అలవాటు చేస్తున్నాను. ఆమె ఎదురు చెప్పలేదు. పెన్ దొరికిందే చాలన్నట్టు పట్టుకునేది. నేను రెండు ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా రాసి చూపించేదాన్ని. ఆమె వాటిని చూసి, కాగితం మీద గుండ్రంగా తిప్పేది. సున్నాల్లాంటివి, కొక్కేల్లాంటివి. మళ్లీ మళ్లీ అవే. చేయి ఇంకా కుదరలేదని అనుకున్నాను. రైల్లో ఇంటికి పోతూ, ఆ చేయి ఎప్పటికీ కుదరకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. మళ్లీ హోమ్ గుర్తొచ్చి, కుదరాలనీ అనుకున్నాను. మా అమ్మ, "ఎందుకట్లా ఉన్నావు?" అని రెండు మూడుసార్లు అడిగింది. పని ఎక్కువగా ఉందన్నాను.

మొదటిసారి వచ్చిన రెండు వారాలకు గ్యాలరీ ఆయన మళ్లీ వచ్చాడు. పొద్దున పదిన్నర. ఫోన్‌ని స్టాండుకు బిగించి మంచం వైపు తిప్పాడు. మేనల్లుడు కొట్టు మూయించి పైకి వచ్చాడు. అక్క తలుపు దగ్గర నిలబడింది. నేను ఆమెను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, ఒడిలో పలక పెట్టి, దాని మీద మొదటి బొమ్మ పెట్టి, చేతికి పెన్ ఇచ్చాను.

ఆమె కాగితం అడుగున, కుడి మూలలో, నిదానంగా రాసింది. ఆ గుండ్రటివే. నాలుగు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ రాసింది. నేను ఓడిపోయామనుకున్నాను.

గ్యాలరీ ఆయన మాత్రం ముందుకు వంగి, "ఇది తెలుగు లిపి కదా? సంతకం తెలుగులో చేశారా? ఇంకా మంచిది" అన్నాడు సంబరంగా.

మేనల్లుడు కూడా వంగి చూశాడు. ఆయన చదువుకున్నది తమిళ బడిలో, తెలుగు చదవడం రాదు. కానీ ఆ నాలుగు అక్షరాలను అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత గదిలో నుంచి వెళ్లాడు. కింద వంటింట్లో గిన్నెలు జరిపిన చప్పుడైంది. పాత ఇత్తడి చెంబొకటి పట్టుకుని పైకి వచ్చాడు. పెళ్లిలో పుట్టింటివాళ్లు ఇచ్చే పాత్రల మీద పేరు చెక్కించేవాళ్లు కదా, అలా దాని మెడ కింద నాలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. చెంబును కాగితం పక్కన పెట్టాడు. రెండూ ఒకటే.

"ఏం రాసి ఉంది సార్?" అన్నాడు గ్యాలరీ ఆయన.

"మా అమ్మ పేరు."

ఆమె మేనల్లుడి వైపు చూసింది. "మీయమ్మే" అంది. "మీయమ్మే యేసింది."

ఈ మాట ఆయనకు ఎవరూ తిప్పి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. మంచం అంచున కూర్చుండిపోయాడు. గ్యాలరీ ఆయన ఫోన్ ఆపి, మెల్లగా, "ఇంకో రోజు వస్తాను" అన్నాడు. మళ్లీ రాలేదు.

ఆయన వెళ్లాక మేనల్లుడు నా వైపు తిరిగాడు. "నీకు ఇది ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"ఎన్ని దినాలుగా?"

"పదిహేను రోజులుగా."

"మా అమ్మ సంగతి" అన్నాడు, తెలుగులోనే. "మా అమ్మ బొమ్మలేస్తాదని నాకే తెలవదు. నీకు తెలుసు. నాకు జెప్పలే." తర్వాత తమిళంలోకి మారి, రేపటి నుంచి రావద్దన్నాడు.

నేను బ్యాగు సర్దుకున్నాను. ఆమె, "యాడికి? పాపా, యాడికి?" అంటూనే ఉంది. నేను బ్యాగు ముందుకు తిప్పుకుని మెట్లు దిగాను.

ఏజెన్సీ నన్ను ఎన్నూరులో ఒక పేషెంటు దగ్గర వేసింది. రిటైరైన క్రేన్ ఆపరేటరు. ఆయన కిటికీలో నుంచి బూడిద మడుగు కనబడేది. ఆయన కాలు పట్టుకుని వంచుతున్నప్పుడల్లా చూలైలో ఆ గది గుర్తొచ్చేది. ఇప్పుడు అక్కడ ఆమె ఏమంటున్నా అది మాట కాదు, చప్పుడు. అబద్ధం ఆడినందుకు నేను అక్కడ లేను. నిజం చెప్పి ఉంటే ఆమె హోమ్‌లో ఉండేదేమో. ఎటు తిప్పినా ఆమెకు తలుపు మూసే ఉంది.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం స్టేషన్లో ఉండగా మేనల్లుడి ఫోన్ వచ్చింది.

"సిస్టర్, అత్త తినడం లేదు. మూడు దినాలుగా ఒకటే మాట. నాకు తెలియడంలే. ఫోన్ ఆమె దగ్గర పెడతా, వింటావా?"

గూడ్సు బండి పోతోంది. రెండో చెవి మూసుకుని విన్నాను. మొదట ఊపిరి, తర్వాత మాట.

"గడె."

"సార్, తలుపుకు బయట గడియ వేస్తున్నారా?"

"గాలికి కొట్టుకుంటుందని..."

"తీసెయ్యండి సార్. వేయకపోవడం కాదు, పీకెయ్యండి. ఆమెకు కనబడేలా."

మర్నాడు నేను వెళ్లాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మననూ లేదు. తలుపుకు గడియ ఉన్నచోట మరమేకుల చిల్లులు నాలుగు ఉన్నాయి, చుట్టూ తెల్లటి కొత్త చెక్క. ఆయనే స్క్రూడ్రైవరుతో తీశాడట, ఆమె చూస్తుండగా. ఆ పూట ఆమె నాలుగు చెంచాల జావ తాగింది. వదిన బొమ్మలు మంచం మీద పరిపించుకుంది. ఇంకేదీ బాగుపడలేదు. తలుపు తెరిచి ఉంది, కానీ ఆమె లేవలేదు. మెట్లు అలాగే ఉన్నాయి. పద్దెనిమిది రోజుల తర్వాత నిద్రలోనే పోయింది.

ఆ రోజు ఆమెను దించడం చూశాను. మెట్లలో పడుకోబెట్టి తేవడానికి వీలుకాలేదు. దుప్పటిలో చుట్టి, నిలువుగా పట్టుకుని, మేనల్లుడు ముందు, ఇద్దరు కొట్టు మనుషులు వెనక, ఒక్కో మెట్టూ దింపారు. బతికి ఉండగా చేయలేనిది అప్పుడు చేశారు. నేను వీధిలో నిలబడి ఏడ్చాను. పేపర్లలో పెద్ద వార్త వచ్చింది, గోడ దూకిన సంగతితో సహా.

వానాకాలం అయ్యాక అక్క నన్ను పిలిచింది. ట్రంకు పెట్టెలో చెమ్మ పట్టింది, కాగితాలు ఆరబెట్టాలి, సాయం రమ్మంది. ఆ గదిలోనే నేల మీద పరిచాం, ఫ్యాను కింద. అక్క ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి ఊచలు అన్నాడు కదా ఆయన? ఊచలు కావివి. ఇది మా వంటింటి పొగగూడు."

నేను అర్థం కానట్టు చూశాను. అక్క నన్ను కిందికి తీసుకుపోయింది. వంటింట్లో పాత పొయ్యి ఉన్న చోటికి పైన, పొగ పోవడానికి గోడలో ఒక కిటికీ. దానికి అడ్డంగా చెక్క పలకలు. వాటి సందుల్లో నుంచి వెలుగు గట్టు మీద పడుతోంది. పైన గదిలో ఊచలు నిలువుగా ఉంటాయి. బొమ్మల్లో గీతలన్నీ అడ్డం. నెలల తరబడి ఆ ఊచల ముందు కూర్చుని పని చేసిన నాకు అది తట్టలేదు. గ్యాలరీ ఆయనకూ తట్టలేదు. మేడ మీద గడియ వేసిన గదిలో ఉన్న అమ్మాయికి ఈ పొగగూడు కనబడే దారే లేదు. ఇక్కడ నిలబడి వండినవాళ్లకే కనబడుతుంది.

"ముప్పై రెండేళ్లుగా రోజూ చూస్తున్నది ఇదే" అంది అక్క, గట్టు మీద చేయి వేసి.

కిందటేడు ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆమె మీద పెద్ద పుస్తకం రాస్తోంది. నన్నూ కలిసింది. నేను విన్నదంతా చెప్పాను, పొగగూడు సంగతి కూడా. ఆవిడ శ్రద్ధగా విన్నది. తర్వాత చాలా మర్యాదగా అడిగింది. "ఈ జబ్బులో నోటికైనా చేతికైనా ఒక పేరు బదులు ఇంకో పేరు రావడం మామూలే కదా? నాది అనబోయి నాది కాదు అనడం కూడా?"

"అవును, జరుగుతుంది" అన్నాను. నా చదువు ప్రకారం అది నిజం.

"సంతకానికి ముందు గ్యాలరీ ఆయన రాసిన మెయిల్లో ఇంకోలా ఉంది. ఆ బొమ్మలు చూసి ఆమె సంతోషించిందని, పాత రోజులు గుర్తొచ్చాయందని, ఫిజియోథెరపిస్టే మేనల్లుడికి చెప్పిందట. అది మీరే కదా?"

"నేనే."

"ఇప్పుడు నేను రెండింట్లో ఏది రాయాలి?"

ఆ సంతకానికి ముందు ఆమె చెప్పిన మాటలకు ఉన్న ఒకే ఒక్క సాక్షిని నేను. ఆ సాక్షి ఒకసారి అబద్ధం చెప్పింది. పొగగూడు గురించి ఆవిడ, కళాకారులు చూసినదాన్ని అడ్డంగానూ తిప్పుకుంటారని చెప్పింది. కావచ్చు.

ఆ బొమ్మలు పుస్తకంలో వేసుకోవడానికి మేనల్లుడి అనుమతి అడిగింది. "మా అమ్మ పేరు వేస్తే ఇస్తాను" అన్నాడాయన. అలా వేయడానికి ఆధారం చాలదంది ఆవిడ. పుస్తకం అవి లేకుండానే వచ్చింది. గోడ దూకడం మాత్రం రెండో అధ్యాయంలో ఉంది. బొమ్మలు ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి, ఆ మేడ మీద గదిలో. మేనల్లుడు ఎవరికీ చూపించడు, అమ్మడు. కొట్టు సగం మూసేశాడు.

ఆ తర్వాతే నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, పిల్లల చార్టు గోడకు అంటించుకుని. మొదట రాయగలిగింది ఆ నాలుగు అక్షరాల పేరే. ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు గనుక అదీ రాయను.

అక్కకు ఈమధ్య భుజం పట్టేసింది, చేయి పైకి లేవడం లేదు. శనివారాలు వెళ్లి వ్యాయామం చేయిస్తున్నాను. కిందటి శనివారం ఈ రాసినదంతా ఆమెకు చదివి, తమిళంలో చెప్పాను. వంటింట్లో స్టూలు మీద కూర్చుని విన్నది. ఎన్నూరు హోమ్ గురించిన చోట ఆపింది.

"నువ్వు అవ్వ కోసమే అబద్ధం చెప్పినట్టు రాశావు."

"అంతే కదా అక్కా."

"నీకు ఆ గదికి రావడం ఇష్టం. ఆమె నీ ఒక్కదానితోనే మాట్లాడేది. అది పోతుందని కూడా భయపడ్డావు. నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని కదా."

అది కూడా రాస్తానన్నాను.

"రాయి" అంది. "ముందు ఈ చెయ్యి ఎత్తించు. నొప్పి పెడుతోంది."